కుందూ నీటికి లెక్క పైన, దారి కింద

సున్నపురాతి నేలలో జలాశయాలు, మళ్ళింపు కాలువలు – కొలవని నీరు ఎవరి ఖాతాలోకి?

(మా గ్రామీణ విలేకరి)

తార్నాక: ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదువుతున్న మా మేనమామ కొడుకు నోటు పుస్తకంలో మా వైపు ఊళ్ళ పేర్లన్నీ ఒకదాని మీద ఒకటి రాసి ఉన్నాయి. అడుగు నుంచి పైకి చదివితే బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. ఆర్టీసీ బస్సు రూటు రాసుకున్నాడు కాబోలు అనుకున్నాడు ఈ విలేకరి. తీరా అడిగితే అవి ఊళ్ళు కావు, రాళ్ళట. మన కాళ్ళ కింద పొరలు పొరలుగా పరుచుకున్న రాతికి ఊరి పేర్లే పెట్టారట. నార్జి సున్నపురాయి, ఔకు పలకరాయి, పాణ్యం గట్టిరాయి, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల పలకరాయి. 1872లో విలియం కింగ్ అనే తెల్లదొర కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద గ్రంథం రాసిన నాటి నుంచి దేశంలో ఈ శాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ మన ఊళ్ళ పేర్లు కంఠస్థం చేస్తూనే ఉన్నాడు. మనకు మాత్రం ఆ సంగతి తెలియదు.

సొంత పని మీద పట్నం వచ్చి, తార్నాకలో అతని అద్దె గదిలో రెండు రాత్రులు ఉండవలసి వచ్చింది. వస్తూ వస్తూ ఊరి నుంచి ఒక ప్రశ్న కూడా మూట గట్టుకుని తెచ్చాను. కుందూ ఒడ్డున కాలువకు ఆనుకుని ఉన్న బావి ఎండుతుంది. కాలువకు రెండు మైళ్ళ దూరంలో, మిట్ట మీద ఉన్న బావి మాత్రం కాలువ వదిలిన కొద్ది రోజులకే ఊరుతుంది. ఇదెక్కడి న్యాయమని రైతులు అడుగుతారు. సెక్షన్ ఆఫీసులో అడిగితే నవ్వి ఊరుకున్నారు. బావమరిది నవ్వలేదు. నిమ్మకాయ ఒకటి తెమ్మన్నాడు.

నిమ్మకాయతో పాఠం

అతని గదిలో నేలంతా షాబాదు బండలు. నిమ్మచెక్క పిండి నాలుగు చుక్కలు ఒక మూలన వేశాడు. సన్నగా నురగ వచ్చింది. తుడిచి చూస్తే అక్కడ నునుపు పోయి బండ మీద మచ్చ మిగిలింది. (ఇంటి ఓనరుకు ఈ సంగతి చెప్పవద్దని మనవి.) అదే పని యూనివర్శిటీ ఆర్ట్సు కాలేజీ గోడ మీద చేస్తే ఏమీ కాదు. 1939లో ప్రారంభమైన ఆ భవనం గ్రానైటు రాతిది. కాంపస్ నేలా గ్రానైటే, తార్నాక నేలా గ్రానైటే. ఆ రాయి నీటికి కరగదు. దానిలో పగులు ఉంటే నీరు ఉంటుంది, లేకుంటే లేదు. బోరు వేసేవాడి అదృష్టం ఆ పగులు మీద ఆధారపడి ఉంటుంది.

షాబాదు బండ, బేతంచెర్ల నాపరాయి, సిమెంటు ఫ్యాక్టరీకి పోయే రాయి, ఇవన్నీ సున్నపురాళ్ళు. వానచినుకు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని గోలీసోడా లాగా కొంచెం పులుపెక్కుతుంది. ఆ పులుపు నిమ్మరసమంత కాదు, అందులో వెయ్యో వంతు కూడా కాదు. కానీ దానికి తొందర లేదు. లక్షల ఏళ్ళ పాటు రాతి అతుకుల వెంబడి పాకుతూ, కరిగిస్తూ, వెంట్రుకంత సందును వేలెడు చేస్తుంది, వేలెడు సందును మనిషి దూరే బిలం చేస్తుంది. గ్రానైటు నేలలో నీరు చెమ్మలాగా నెమ్మదిగా జారుతుంది. సున్నపురాతి నేలలో బిలం దొరికితే గొట్టంలో పోయినట్టు పోతుంది. ఒక చోట ఏరు భూమిలోకి దిగి, ఆమడ దూరంలో ఊటగా పైకి లేవడం ఇలాంటి నేలలోనే జరుగుతుంది.

ఇందుకు సాక్ష్యం వెతుక్కుంటూ పోనక్కరలేదు. కొలిమిగుండ్ల మండలంలో బేలం గుహలున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. 1982–83లో గెబావర్ నాయకత్వంలో జర్మనీ గుహాన్వేషకులు లోపలికి దిగి కొలిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002 నుంచి యాత్రికులు టిక్కెట్టు కొని చూస్తున్నారు. అక్కడ అన్నింటికన్నా లోతున పాతాళగంగ అనే చిన్న సెల ఉంది. అది రాతిలో నుంచి వచ్చి రాతిలోకే మాయమవుతుంది. ఆ నీరు బేలం ఊరి బావిలోకి పోతుందని అక్కడివాళ్ళ నమ్మకం. నమ్మకం నిజమే కావచ్చు. దాన్ని రుజువు చేసే ఉపాయం ఒకటుంది, ఆ మాట తరువాత చెప్పుకుందాం.

ఒక హెచ్చరిక. మన సున్నపురాయి అతి పాతది, బిగువైనది. ప్రతి పొలం కిందా బిలం ఉంటుందని ఎవరూ అనుకోవద్దు. ఒక ఎకరంలో రాయి ఉక్కులాగా ఉండి, పక్క ఎకరంలో గుల్లగా ఉండవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. సగటు లెక్క ఇక్కడ పనికిరాదు.

కృష్ణ నీళ్ళు పెన్న దారిలో

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కుందూ కర్నూలు జిల్లా ఓర్వకల్లు వైపు పుట్టి, నంద్యాల, కోవెలకుంట్ల మీదుగా పారి, కడప జిల్లా కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. అంటే అది పెన్న బిడ్డ. కానీ దానిలో పారే నీటిలో కృష్ణమ్మ పాలు ఎంతో ఉంది. ఇది ఇవాళ మొదలైనది కాదు. 1860 దశకంలో ఒక ప్రైవేటు కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కర్నూలు–కడప కాలువ తవ్వింది. పడవలు నడిపి డబ్బు చేసుకుందామన్న ఆశతో తవ్విన ఆ కాలువ గిట్టుబాటు కాక, 1882లో ప్రభుత్వానికి దఖలు పడింది. అప్పటి నుంచి కృష్ణా పరీవాహకంలోని నీరు ఈ లోయలోకి వస్తూనే ఉంది.

తరువాత శ్రీశైలం వచ్చింది. ఆ జలాశయం అంచున పోతిరెడ్డిపాడు తూములు, అక్కడి నుంచి 16 కిలోమీటర్ల ప్రధాన కాలువ, దాని చివర బనకచర్ల. బనకచర్ల దగ్గర నీరు మూడు దారులు పడుతుంది. ఒకటి తెలుగుగంగగా వెలుగోడుకు, ఒకటి శ్రీశైలం కుడిగట్టు కాలువగా గోరకల్లుకు, మూడవది నిప్పులవాగులోకి దిగి, గాలేరు మీదుగా కుందూలోకి. పోతిరెడ్డిపాడును 44,000 క్యూసెక్కులకు వెడల్పు చేయాలని 2005లో ఉత్తర్వు వచ్చింది. దాని మీద రెండు ప్రాంతాల మధ్య నడిచిన, నడుస్తున్న వివాదం పాఠకులకు కొత్త కాదు. ఆ వివాదంలో తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు.

గమనించవలసింది ఒకటే. ఇక్కడ ఏరునే కాలువగా వాడుకుంటున్నారు. పైన కుందూలోకి వదిలిన నీటిని కింద రాజోలి ఆనకట్ట దగ్గర మళ్ళీ పట్టి కడప వైపు ఆయకట్టుకు పంపుతారు. పైన వదిలినది ఇంత, కింద చేరినది ఇంత. మధ్యలో తగ్గినదాన్ని కాగితం మీద 'నష్టాలు' అనే ఒక్క గడిలో రాసేస్తారు. ఆ గడిలో ఏమేమి ఉన్నాయి? ఎండకు ఆవిరైనది ఉంది. ఒడ్డున రైతులు మోటార్లు పెట్టి తోడుకున్నది ఉంది. గండి పడి పోయినది ఉంది. వీటితో పాటు రాతిలోకి దిగినదీ ఉంది. ఇంకో వైపు, రాతిలో నుంచి పైకి ఊరి ఏట్లో కలిసినది కూడా ఉంటుంది. దానికి కాగితంలో గడే లేదు. పది పోయి ఎనిమిది వచ్చినా, రెండే పోయి ఏమీ రాకపోయినా, తేడా రెండుగానే కనిపిస్తుంది. మొదటి సందర్భంలో ఎవరి బావో ఎండి ఉంటుంది, ఇంకెవరి బావో నిండి ఉంటుంది. రెండవ సందర్భంలో ఎవరికీ ఏమీ కాదు. లెక్క పుస్తకానికి మాత్రం రెండూ ఒకటే.

ఊటనీటికి లెక్క లేదని ఎవరైనా అంటే అదీ సరికాదు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నీటిని పంచినప్పుడు 75 శాతం నమ్మకం మీద 2,060 టి.ఎం.సి.లు తేల్చి, పైర్లకు పెట్టిన నీటిలో కొంత తిరిగి నదిలోకి ఊరుతుందని ఒప్పుకుని, ఆ పద్దు కింద ఇంకో 70 టి.ఎం.సి.లు కలిపింది. మహారాష్ట్రకు 25, కర్ణాటకకు 34, ఆంధ్రప్రదేశ్‌కు 11. అంటే నేలలోకి దిగిన నీరు తిరిగి వస్తుందనే సంగతి 50 ఏళ్ళ కిందటే చట్టానికి ఎక్కింది. అయితే కుందూ లోయలోకి వచ్చిన కృష్ణ నీరు తిరిగి ఊరినా కృష్ణలోకి ఊరదు, పెన్నలోకే పోతుంది. ఆ ఊట ఎంత, ఎక్కడ, ఎవరిది అన్న ప్రశ్న రెండు నదుల మధ్య తల్లి లేని పిల్లలాగా మిగిలిపోయింది.

జలాశయం బరువు

కాలువ సంగతి అలా ఉంచి జలాశయం కడితే ఏమవుతుందో చూద్దాం. ఏటి నీరు సహజంగా నాలుగడుగుల లోతున పారుతున్నప్పుడు రాతి సందులలోని బంకమట్టి బిరడా లాగా కూర్చుని ఉంటుంది. అక్కడ వంద అడుగుల నీరు నిలబెడితే ఆ బిరడా మీద పడే ఒత్తిడి వేరు. మొదటి ఏడాది ఏమీ కాకపోవచ్చు, ఐదేళ్ళకూ కాకపోవచ్చు. మట్టి కొంచెం కొంచెంగా కొట్టుకుపోయి ఒకనాడు సందు తెరుచుకుంటే, గట్టు చెక్కు చెదరకుండానే జలాశయం అడుగు నుంచి నీరు జారుకుంటుంది. అందుకే సున్నపురాతి నేలలో గట్టు ఎంత బలమైనదన్న ప్రశ్న కన్నా అడుగు ఎంత బిగువైనదన్న ప్రశ్న పెద్దది.

ఇంకో వింత కూడా ఉంది. కొన్ని బిలాలు ఏరు తక్కువగా ఉన్నప్పుడు నీరు మింగుతాయి, భూమిలో నీటిమట్టం పెరిగినప్పుడు అవే నీరు కక్కుతాయి. జలాశయం నింపితే ఏ బిలం ఎటు తిరుగుతుందో ముందు కనిపెట్టకపోతే తరువాత కనిపెట్టడం కష్టం. పైగా జలాశయాన్ని ఏడాదిలో ఒకసారి నింపి ఒకసారి ఖాళీ చేస్తాం గనుక చుట్టుపక్కల ఊటలు కూడా ఏటికి కాక జలాశయానికి జవాబు చెప్పడం మొదలుపెడతాయి. వానాకాలంలో రావలసిన ఊట మాఘంలో వస్తుంది. మాఘంలో ఉండవలసినది ఉండదు.

మన లోయలో ఇలాంటి జలాశయాలు ఒకటి రెండు కావు. గోరకల్లు 12.44 టి.ఎం.సి.లు, ఔకు 4.148. ఈ రెండింటి మధ్య గాలేరు–నగరి కాలువ సొరంగం తవ్వబోతే కొండ లోపల చెదిరిన పొర తగిలి మట్టి కూలింది. పని ఏళ్ళ తరబడి సాగింది. రెండవ సొరంగం 2023 నవంబరు 30న గాని ప్రారంభం కాలేదు. ఔకు అనే పేరు నోటు పుస్తకంలో పలకరాయికి ఉంది. దానికి కింద నార్జి సున్నపురాయి, పైన పాణ్యం గట్టిరాయి. మెత్తనిదీ గట్టిదీ కరిగేదీ ఒకే చోట కలిసిన తావు అది. కొండ బయటి నుంచి చూస్తే అన్నీ ఒకే తీరు.

ఇప్పుడు కుందూ మీదనే రెండు జలాశయాల మాట ఉంది. జొలదరాశి దగ్గర 0.8 టి.ఎం.సి., రాజోలి దగ్గర 2.95 టి.ఎం.సి. అంచనాతో 2019 డిసెంబరు 23న శంకుస్థాపన చేశారు. జొలదరాశి కోవెలకుంట్ల పక్కనే. కోవెలకుంట్ల అంటే, నోటు పుస్తకం ప్రకారం, సున్నపురాయి. ముంపు భూమికి ఎకరానికి ఎంత ఇస్తారు అన్న దాని మీద ఊళ్ళలో రచ్చబండల దగ్గర ఎంత వాదన జరిగిందో ఈ విలేకరికి తెలుసు. అడుగున రాయి ఏమిటి, ఎన్ని చోట్ల బోరు వేసి చూశారు, ఆ బోరులో నీరు పోస్తే నిలిచిందా దిగిందా అని అడిగిన రైతు మాత్రం కనిపించలేదు. ఈ విలేకరి కూడా అడగలేదు, ఒప్పుకోవాలి.

డాన్యూబ్ నీళ్ళకు రంగు

నిమ్మకాయ పాఠం అయ్యాక బావమరిది చెప్పిన కథ ఇది. ఐరోపాలో డాన్యూబ్ పెద్ద నది. జర్మనీలో ఇమ్మెండింగెన్ అనే ఊరి దగ్గర అది సున్నపురాతిలోకి ఇంకిపోతుంది. ఏటా ఎన్నో రోజులు నది అడుగు ఎండిపోయి రాళ్ళు తేలతాయి. 12 కిలోమీటర్ల దూరంలో ఆఖ్ అనే చోట గొప్ప ఊట ఉంది. ఆ ఊట నీరు రైన్ నదిలోకి పోతుంది. డాన్యూబ్ ఒడ్డున ఫ్యాక్టరీల వాళ్ళు బిలాలు మూసేస్తామన్నారు. ఆఖ్ ఒడ్డున మిల్లుల వాళ్ళు మా నీళ్ళు ఆపుతారా అన్నారు. 1877లో శాస్త్రజ్ఞులు డాన్యూబ్ మునిగే చోట 10 కిలోల ఆకుపచ్చ రంగు, 20 టన్నుల ఉప్పు కలిపారు. సుమారు 60 గంటలకు ఆఖ్ ఊట పచ్చగా మెరిసింది. ఎవరి నీరు ఎవరికి పోతోందో అప్పుడు తేలింది.

తగాదా మాత్రం తీరలేదు. 1927లో జర్మనీ రాష్ట్రాల మధ్య వ్యాజ్యంగా అది పెద్ద కోర్టుకెక్కింది. నీరు తనంతట తాను ఇంకితే ఎగువ దిగువ రాష్ట్రాలు ఓర్చుకోవాలి, మనిషి చేత్తో ఆ ఇంకుడును పెంచినా తగ్గించినా పొరుగువాడికి జవాబు చెప్పాలి అన్న ధోరణిలో ఆ కోర్టు మాట్లాడింది. మన ట్రిబ్యునళ్ళ ముందు ఇలాంటి ప్రశ్న వస్తే వాదించడానికి మన దగ్గర రంగు పరీక్ష కాగితం ఉండాలి గదా!

రెండవ కథ యుగోస్లావియా దేశంలోది. ఇప్పుడది బోస్నియా. ట్రెబిష్నిత్సా అనే ఏరు సున్నపురాతి మైదానాల మీద పారుతూ బిలాలలోకి మునిగేది. 1968లో 123 మీటర్ల ఎత్తు ఆనకట్ట కట్టారు. ఆ జలాశయంలో ఏటి పుట్టుక ఊటలే మునిగిపోయాయి. దిగువన నీరు బిలాలలోకి పోకుండా 60 కిలోమీటర్లకు పైగా ఏటి అడుగుకు సిమెంటు పూత పూశారు. కరెంటు వచ్చింది. నెలల తరబడి మునిగే పొలాలు మునగడం మానేశాయి, రైతుకు అది మేలే. కానీ వరదలతో పాటు బిలాలలో నుంచి పైకి వచ్చే చేప, అక్కడి బీదవాళ్ళు ఎండబెట్టుకుని తినే చేప, అరుదైపోయింది. సముద్రం ఒడ్డున ఊటల్లో నీరు తగ్గింది. ఏటిని ఒక చోట కట్టేస్తే కొండ అవతల ఎవరి ఊటో తగ్గుతుంది. మంచీ చెడూ రెండూ జరిగాయి. అక్కడివాళ్ళు ముందూ వెనకా కొలిచారు గనుక రెండూ చెప్పగలుగుతున్నారు.

తార్నాకకు ఈ గొడవ కొత్త కాదు

దేశం కాని దేశం కథలెందుకు, తార్నాకలోనే ఒక పాత ఉదాహరణ ఉంది. జామై ఉస్మానియా దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1973లో అక్కడి పరిశోధకులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఫ్లోరైడు నీళ్ళు తాగే పల్లెల్లో వయసు పిల్లల మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాచుకుంటున్న జబ్బు గురించి. ఫ్లోరైడు పాతదే, ఈ జబ్బు కొత్తగా ఎందుకు వచ్చింది? నాగార్జునసాగర్ కట్టాక నేలలో నీటిమట్టం లేచి, మట్టి గుణం మారి, జొన్నలోకి మాలిబ్డినం అనే లోహం ఎక్కువగా ఎక్కి, ఒంట్లో రాగిని తగ్గిస్తోందని ఆ సంస్థ వారు ఒక వివరణ ఇచ్చారు. దాని మీద వాదప్రతివాదాలు ఉండవచ్చు. అది సున్నపురాతి నేల కథ కూడా కాదు. అయినా ఆనకట్ట గురించి ఆలోచించేవాళ్ళకు దానిలో నేర్చుకోవలసింది ఉంది. ఇంజనీరు లెక్కలో జొన్నకంకి లేదు, పిల్లవాడి మోకాలు లేదు. నీటిమట్టం లేస్తే ఏమవుతుందో వైద్యులు కనిపెట్టవలసి వచ్చింది.

అదే రోడ్డున హబ్సిగూడ వైపు నాలుగడుగులు వేస్తే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కూలి 8 మంది చిక్కుకున్నప్పుడు నేల లోపలికి చూసే రాడారు పరికరాలతో పోయినవారిలో ఈ సంస్థ వారు ఉన్నారు. వారాల గాలింపులో ఇద్దరి మృతదేహాలే దొరికాయి. నల్లమల లోపల అక్కడ ఉన్నది సున్నపురాయి కాదు, అయినా నీరు, వదులు రాయి కలిసి చేసిన పనే అది. కూలాక పిలవడానికి తార్నాక మనకు గుర్తుకొస్తుంది. తవ్వక ముందు పిలిచి, వారు చెప్పినది ఊరి భాషలో రాసి పంచాయితీ గోడకు అంటిస్తే ఎంత ఖర్చవుతుంది?

ఇంజనీరు గారి జవాబు

కాంపస్ గేటు దగ్గర టీ కొట్టులో ఒక రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరు గారు కలిశారు. పొద్దున నడకకు వస్తారట. మా వాదన అంతా విని, "బాబూ, మీ కుందూ లోయలో పైన నల్లరేగడి ఉంది. తడిస్తే అది మైనం లాగా మూసుకుపోతుంది. మీరు అనుకున్నంత నీరు రాతిలోకి దిగదు. కాలువ గట్లు బాగుచేసి, తూములకు తలుపులు పెడితే మిగిలే నీరు దీనికన్నా ఎక్కువ" అన్నారు.

ఆయన మాటలో నిజం ఉంది. తలుపు లేని తూము ముందు నిలబడి పాతాళగంగ గురించి మాట్లాడితే ఎవరికైనా నవ్వు వస్తుంది. చివరి ఆయకట్టుకు నీరందకపోవడానికి మొదటి కారణం భూమి కింద లేదు, భూమి మీదనే ఉంది. కానీ నల్లరేగడి అన్ని చోట్లా లేదు. నాపరాయి గనులు తవ్విన చోట ఆ మైనం తీసేశాం. వాగు అడుగున రాయి తేలిన చోట మైనం ఎప్పుడూ లేదు. ఆ సంగతి విన్నవించుకుంటే ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఒకే రోజున ఏటి మీద పది చోట్ల కొలవండి. వాన లేని నెలలో, తూములు కట్టేసిన వారంలో. ఎక్కడ తగ్గింది, ఎక్కడ పెరిగింది తెలుస్తుంది. మేము ఉద్యోగంలో ఉండగా చేయవలసింది, మనుషులు చాలలేదు" అన్నారు. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు.

టీ కొట్టు యజమాని అంతసేపూ వింటూనే ఉన్నాడు. "మీ ఊరి నీళ్ళ కోసం ఇంత దూరం వచ్చారా? మా కొళాయి నీళ్ళూ అక్కడివేనటగా" అన్నాడు. అదీ నిజమే. 2004, 2008, 2015 సంవత్సరాల్లో మూడు దశలుగా హైదరాబాదుకు తెచ్చిన కృష్ణా నీరు నాగార్జునసాగర్ వెనుక నుంచి వస్తుంది. సాగర్‌కు పైన శ్రీశైలం. అక్కడ ఒక తలుపు నుంచి దిగిన నీరు పట్నం గ్లాసులోకి, ఇంకో తలుపు నుంచి పోయిన నీరు కుందూలోకి.

పప్పు ఉడికిన బావి

అన్నింటికన్నా ముఖ్యమైన మాట చివరి రాత్రి వచ్చింది. గదిలో వంట నాదే. కుక్కరులో పప్పు ఉడకక తంటాలు పడుతూ, మా ఊళ్ళో ఒక ముసలమ్మ ఎప్పుడూ అనే మాట గుర్తుకొచ్చి చెప్పాను. మా వీధి బావి నీళ్ళలో ఎండాకాలం పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. కాలువ వదిలిన పక్షం రోజులకు అదే బావి నీళ్ళలో పప్పు ఉడుకుతుంది. ఏటా ఇంతే. అది దేవుడి మహిమ అని ఆవిడ అంటుంది.

బావమరిది లేచి కూర్చున్నాడు. "బావా, ఇంత పెద్ద సంగతి ఇప్పుడా చెప్పేది?" అన్నాడు. సున్నపురాతిలో చాలా కాలం నిలిచిన నీరు సున్నం కరిగించుకుని కాఠిన్యం పట్టి ఉంటుంది, అందులో పప్పు ఉడకదు. కాలువ నీరు మెత్తనిది. బావి నీరు హఠాత్తుగా మెత్తబడిందంటే కాలువ నీరు రాతిని తాకి కరిగించేంత వ్యవధి లేకుండా తిన్నగా వచ్చేసిందన్న మాట. చెమ్మగా ఊరి రాలేదు, గొట్టంలో వచ్చినట్టు వచ్చింది. పక్షం రోజులు అన్నది ఆ దారి పొడవుకు కొలత. లేబరేటరీలో చేసే కాఠిన్య పరీక్షా, ముసలమ్మ పప్పు కుండా చెప్పేది ఒకటే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది ఆనందించవలసినది కాదు. కాలువ నీరు వడకట్టకుండా తిన్నగా బావిలోకి వస్తోందంటే, కుందూలో కలిసే మురుగు కూడా అంతే తిన్నగా రాగలదు. మట్టిలో నుంచి నెలల తరబడి ఇంకిన నీరు శుభ్రపడి వస్తుంది. బిలంలో నుంచి వచ్చిన నీరు ఎలా దిగిందో అలాగే వస్తుంది. పప్పు ఉడికే నీళ్ళు మంచివని ఊరంతా ఆ నెలలో ఆ బావికే పోతారు.

కనుక ఏ బావి ఎప్పుడు ఊరింది, ఎప్పుడు మెత్తబడింది అన్నది ఊరి ఆడవాళ్ళకు తెలిసినంతగా ఏ రికార్డులోనూ లేదు. జొలదరాశిలో నీరు నిలబెట్టక ముందే ఆ జ్ఞాపకాన్ని బావి వారీగా, నెల వారీగా రాసి పెట్టుకోవాలి. నీరు నిలబెట్టాక ఏ బావి ఎండినా, ఏ చేను చౌడు తేలినా, ముందు ఎలా ఉండేదో చూపించడానికి రైతు చేతిలో ఒక కాగితం ఉంటుంది. లేకపోతే ఆఫీసులో అడిగే మొదటి మాట "ఇంతకు ముందు ఎలా ఉండేదో రుజువేమిటి?" అనే.

మర్నాడు తార్నాక స్టాపులో బస్సెక్కేటప్పుడు బావమరిది 12 ఖాళీ సీసాలు, ఒక థర్మామీటరు, చుక్కలు వేసి నీటి కాఠిన్యం చూసే చిన్న డబ్బా ఇచ్చాడు. సీసా మీద బావి పేరు, తేదీ, నీటి వేడి, మోర నుంచి నీటికి ఎన్ని మూరల తాడు పట్టిందో రాయాలి. కాలువ వదలక ముందు ఒకసారి, వదిలాక వారం వారం. రంగు కలపడం మాత్రం అనుమతి లేకుండా చేయవద్దని రెండుసార్లు చెప్పాడు. మొదటి సీసా ముసలమ్మ వీధి బావిది. ఆవిడకు ఎలా చెప్పాలన్నదే ఇప్పుడు ఈ విలేకరి ఆలోచన. ఆ బావి తాడు కూడా ఆవిడ దగ్గరే ఉంటుంది.